ఒకే హాలు, రెండు సినిమాలు: చోళుల కథ ముందు చెన్నై తెలుగువాళ్లు

‘పొన్నియిన్ సెల్వన్’ మొదటి భాగం 2022 సెప్టెంబరు 30న విడుదలైనప్పుడు చెన్నై హాళ్లలో ఒకే ఆటకి రెండు రకాల జనం వచ్చారు. చోళ యువరాజు దూత వందియదేవుడు గుర్రమెక్కి చోళనాడులోకి అడుగుపెట్టగానే చిన్ననాటి స్నేహితుడు ఎదురైనట్టు సంబరపడినవాళ్లు ఒక రకం. “ఈయనెవరు? ఇందాక యుద్ధంలో ఉన్నాయనేనా? పళువేట్టరయర్లు ఇద్దరా, ఒకరా?” అని పక్కసీటు వైపు వంగి అడిగినవాళ్లు ఇంకో రకం. చెన్నై తెలుగువాళ్లలో చాలామంది ఈ రెండో రకంలోనే ఉన్నారు. వాళ్లకి తమిళం రాకపోవడం కాదు దీనికి కారణం. బేరాలు, ఆఫీసు మాటలు, పక్కింటివాళ్లతో తగువులు అన్నీ తమిళంలోనే నడుపుకునేవాళ్లు వాళ్లు. తెర మీది ప్రతి మాటా అర్థమైంది. ఆ మాటల వెనక ఉన్న కథ మాత్రం అందలేదు.

చారిత్రక సినిమాకి మిగతా సినిమాలకి లేని షరతు ఒకటుంది. లైట్లు ఆరేలోపే కథ సగం ప్రేక్షకుడి దగ్గర ఉండాలి. ఆ సగం ఉన్నవాళ్లకి పెద్ద తెర అద్భుతం. లేనివాళ్లకి ఐమాక్స్ కూడా ఆ లోటు తీర్చలేదు. భారీ సెట్లు, వందల గుర్రాలు, చెవులు అదిరే సౌండు గురించి ఎంతైనా మాట్లాడుకుంటాం కానీ, ఇలాంటి సినిమా ఎక్కడ పండుతుంది, ఎక్కడ జారిపోతుంది అన్నదాన్ని నిర్ణయించేది చాలావరకు ఈ ముందస్తు జ్ఞాపకమే.

తమిళ ప్రేక్షకుల దగ్గర అది ఎలా పోగైందో చూస్తే విషయం తేలికవుతుంది. ఈ సినిమాకి మూలమైన నవలను కల్కి కృష్ణమూర్తి తన ‘కల్కి’ వారపత్రికలో 1950 నుంచి 1954 దాకా సీరియల్‌గా రాశారు. మొత్తం ఐదు భాగాలు, బొమ్మలు మణియం వేశారు. వారం వారం వచ్చిన కాగితాలను విడదీసి, వరసగా పేర్చి బైండు చేయించుకున్న ఇళ్లు తమిళనాట లెక్కలేనన్ని. తర్వాత ప్రభుత్వం కల్కి రచనలను జాతీయం చేసింది. దాంతో ఎవరైనా అచ్చు వేసుకునే వీలు దొరికి, చవక ప్రతులు పుస్తకాల షాపులనీ ప్రదర్శనలనీ ముంచెత్తాయి. దీన్ని సినిమాగా తీస్తామని ఎం.జి.రామచంద్రన్ 1958లోనే ప్రకటించారు, కానీ పని ముందుకు సాగలేదు. ఇలా సినిమా వచ్చేనాటికి తమిళ పాఠకులు అరవై ఏళ్లకి పైగా పెద్ద పళువేట్టరయరు భార్య నందినిని, చోళ రాకుమారి కుందవైని, వందియదేవుణ్ని మనసులో చూసుకుంటూనే ఉన్నారు. ఏ నటుడు ఏ పాత్రకి సరిపోతాడన్న వాదన ఇంటింటా మూడు తరాలు నడిచింది. థియేటర్ మెట్లెక్కి ఏళ్లు గడిచిపోయిన పెద్దవాళ్లు ఈ సినిమాకి మనవల చెయ్యి పట్టుకుని వచ్చారంటే కారణం ఇదే.

మణిరత్నం అంత పెద్ద నవలని 167 నిమిషాల ఒక భాగంలో, 164 నిమిషాల ఇంకో భాగంలో పట్టించగలిగారు. జనానికి తెలిసినదాన్ని మళ్లీ చెప్పకుండా దాటేసే ధైర్యం ఉండబట్టే అది కుదిరింది. నవల మొదలయ్యేది ఆడి నెల పద్దెనిమిదో రోజు పండగనాడు, వీరనారాయణ చెరువు గట్టు మీద వందియదేవుడి గుర్రంతో. సినిమాలో ఆ ప్రయాణం ఒక పాటలో గడిచిపోతుంది. చదివినవాళ్లకి ఆ పాటలో ప్రతి మలుపు వెనకా ఒక అధ్యాయం ఉంది. చదవనివాళ్లకి అదొక మంచి పాట, అంతే.

అసలు చిక్కు వారసత్వం దగ్గర వస్తుంది. చోళరాజు గండరాదిత్యుడు చనిపోయేనాటికి కొడుకు మధురాంతకుడు పసివాడు. గద్దె తమ్ముడు అరింజయుడికి పోయింది, అక్కణ్నుంచి అరింజయుడి కొడుకు సుందరచోళుడికి వచ్చింది. సుందరచోళుడికి ఇద్దరు కొడుకులు, ఒక కూతురు: ఆదిత్య కరికాలుడు, కుందవై, అరుళ్‌మొళి వర్మ. పెద్దవాడైన మధురాంతకుడు ఇప్పుడు తన తండ్రి గద్దె తనకి కావాలంటున్నాడు, కోశాధికారి పెద్ద పళువేట్టరయరు, తంజావూరు కోటని కాపాడే చిన్న పళువేట్టరయరు అతని వెనక ఉన్నారు. ఈ నాలుగు వాక్యాలు తెలిస్తే సినిమా అరటిపండు ఒలిచినట్టు సాగుతుంది. తెలియకపోతే కడంబూరు కోటలో సామంతుల రహస్య సమావేశం దగ్గరే దారి తప్పుతుంది. ఆ సన్నివేశంలో పేర్ల మీద పేర్లు వచ్చిపడతాయి, ఎవరు ఎవరి పక్షమో అక్కడే తేలాలి, హాల్లో మాత్రం వెనక్కి తిప్పి చూసే బటన్ ఉండదు.

చెన్నై తెలుగువాళ్లు అన్నప్పుడు అందరినీ ఒకే గాటన కట్టలేం. షావుకారుపేట, పెరంబూరు, మైలాపూరు, టీ నగర్ వైపు తరతరాలుగా ఉన్న కుటుంబాలు వేరు. టీ నగర్ నడిబొడ్డున ఉన్న పానగల్ పార్కుకి ఆ పేరు శ్రీకాళహస్తి ప్రాంతం నుంచి వచ్చి మద్రాసు రాష్ట్ర ప్రధానిగా చేసిన పానగల్లు రాజా రామరాయణింగారు వల్ల వచ్చింది. అంత పాత బంధం వీళ్లది. సినిమా పనుల కోసం కోడంబాక్కం, సాలిగ్రామం, వడపళని చేరి, పరిశ్రమ హైదరాబాదు తరలిపోయినా ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలు ఇంకో రకం. ఓఎమ్మార్ రోడ్డు పొడవునా షోళింగనల్లూరు, పెరుంగుడి అపార్ట్‌మెంట్లలో ఉండే ఐటీ ఉద్యోగులది మూడో రకం, వాళ్ల తమిళం ఆటోకీ హోటల్‌కీ సరిపడేంతే.

వీళ్లలో మొదటి రెండు రకాల పెద్దవాళ్లకి తమిళం నోట్లో ఉంది, కంటికి మాత్రం రాలేదు. ఇంట్లో ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ చదివి, తెలుగు మాధ్యమం బడుల్లో చదువుకున్నవాళ్లకి ఐదు భాగాల తమిళ నవల చదవాల్సిన అవసరం రాలేదు. మనవల సంగతి వేరు. 2006లో వచ్చిన చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం ఒక్కో తరగతికీ తప్పనిసరి అవుతూ వచ్చింది. ఇప్పటి చెన్నై తెలుగు పిల్లలు తమిళం గడగడా చదువుతారు, సాంఘిక శాస్త్రం పుస్తకంలో రాజరాజ చోళుడి గురించి పరీక్షలు రాస్తారు, తెలుగు అక్షరాలే వాళ్లకి కష్టం. అందుకే ఒకే వరసలో కూర్చున్న తెలుగు కుటుంబంలో పదో తరగతి పిల్లాడు అమ్మమ్మకి చోళ వంశవృక్షం చెవిలో చెప్పే పరిస్థితి వచ్చింది. చారిత్రక సినిమాలకి ఇంట్లో పెద్దవాళ్లే వ్యాఖ్యాతలుగా ఉండటం ఎన్నాళ్లుగానో అలవాటు. ఇక్కడ అది తిరగబడింది.

ఆ అమ్మమ్మకి జ్ఞాపకాలు లేవనుకుంటే పెద్ద పొరపాటు. ఆమె దగ్గర ఉన్న జ్ఞాపకం వేరు, అంతే.

తెలుగు సినిమా మద్రాసులో పెరిగిన రోజుల్లో సినిమాలని నాలుగు గదుల్లో సర్దేవారు: పౌరాణికం, జానపదం, చారిత్రకం, సాంఘికం. కిరీటాలు, కత్తులు మొదటి మూడింటిలోనూ ఉన్నా వాటిని చూసే తీరు ఒకటి కాదు. పౌరాణికానికి ముందస్తు జ్ఞాపకం పుట్టుకతో వచ్చేది. 1957లో విజయా వారి ‘మాయాబజార్’ చూడటానికి వచ్చినవాళ్లకి ఘటోత్కచుడెవరో చెప్పాల్సిన పని లేదు. జానపదానికి ముందస్తు జ్ఞాపకమే అక్కర్లేదు. ఏ కాలమో తెలియని రాజ్యం, ఒక రాకుమారి, ఒక మాంత్రికుడు, ఒక సాహసి ఉంటే చాలు. అదే విజయా సంస్థ అధిపతులు నాగిరెడ్డి, చక్రపాణి 1947లో మద్రాసు నుంచి ‘చందమామ’ మొదలుపెట్టినప్పుడు దాన్ని తెలుగులోనూ తమిళంలోనూ తెచ్చారు. తెలుగు పిల్లలు, తమిళ పిల్లలు అవే కథలు చదివారు. కానీ ఆ కథల్లో రాజులకి శాసనాలు లేవు, తేదీలు లేవు. జానపదం ఇద్దరికీ ఉమ్మడి ఆస్తి అయింది, చరిత్ర ఎవరిది వాళ్ల దగ్గరే ఉండిపోయింది.

చారిత్రకం ఈ రెండింటి మధ్య గది. పురాణమంత లోతుగా ఇంట్లో వినకపోయినా, ఎక్కడో ఒకచోట విని ఉండాలి. తెలుగువాళ్లు తమ చరిత్రని ఎక్కువగా విన్నదే, చదివింది తక్కువ. పల్నాటి యుద్ధం వీరగాథగా వచ్చింది, కారంపూడిలో ఇప్పటికీ ఏటా వీరుల ఉత్సవం జరుగుతుంది, బుర్రకథ దళాలు బ్రహ్మనాయుణ్ని, నాగమ్మని, బాలచంద్రుణ్ని ఊరూరా తిప్పాయి. 1947లో వచ్చిన ‘పల్నాటి యుద్ధం’ గూడవల్లి రామబ్రహ్మం మొదలుపెట్టి, మధ్యలో కన్నుమూస్తే ఎల్.వి.ప్రసాద్ పూర్తి చేసిన సినిమా. దాన్ని చూసిన జనానికి మాంచాల ఎందుకు దుఃఖపడుతుందో ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. 1964లో ‘బొబ్బిలి యుద్ధం’ వచ్చినప్పుడూ ఇంతే. 1757 జనవరిలో బొబ్బిలి కోట మీద బుస్సీ ఫిరంగులు పేలాయన్న సంగతి తేదీతో సహా తెలియకపోయినా, తాండ్ర పాపారాయుడి పేరు వినగానే ఒళ్లు గగుర్పొడిచే సంస్కారం అప్పటి ప్రేక్షకుడికి ఉంది. 1974లో ‘అల్లూరి సీతారామరాజు’ సినిమాస్కోప్‌లో వచ్చినప్పుడైతే జ్ఞాపకం ఇంకా పచ్చిగా ఉంది. రాజుని కాల్చి చంపింది 1924 మేలో. ఆ కబురు పుట్టిన రోజుల్లోనే విన్నవాళ్లు హాల్లో కూర్చుని ఉండే అవకాశం ఉంది.

అంటే కల్కి నవల తమిళులకి చేసిన పనిని తెలుగువాళ్లకి బుర్రకథ, వీధి నాటకం, రంగస్థల నాటకం చేశాయి. తేడా అంతా నిలవ ఉండే శక్తిలో వచ్చింది. బైండు చేసిన పుస్తకం మనవరాలి చేతికి అందుతుంది. బుర్రకథ వినాలంటే దళం ఉండాలి, ఊరు ఉండాలి, రాత్రంతా కూర్చునే జనం ఉండాలి. చెన్నై అపార్ట్‌మెంట్‌కి అది రాలేదు. పట్నం చేరిన తెలుగు కుటుంబాలు మూడో తరానికి వచ్చేసరికి తమ చారిత్రక కథల్ని కూడా పోగొట్టుకుంటున్నాయి. పక్కవాళ్ల కథ తెలియకపోవడం కంటే ఇది బాధాకరం.

నిజానికి చోళుల సినిమా మలుపుకి దగ్గరగా ఉన్న కథ తెలుగు పెద్దవాళ్లకి బాగా తెలుసు. విజయనగరంలో కృష్ణదేవరాయల చిన్న కొడుకు చనిపోవడం, విషం పెట్టారన్న అనుమానం మహామంత్రి తిమ్మరుసు మీద పడటం, రాజ్యాన్ని నిలబెట్టిన ఆ ముసలాయన కళ్లు తీయించడం అన్నది పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాసిన కథనం నుంచి మన నాటకాల దాకా నడిచిన కథ. 1962లో గుమ్మడి తిమ్మరుసుగా నటించిన సినిమాకి జనం ఏడ్చారంటే ముందే తెలిసిన అన్యాయం కళ్లముందు మళ్లీ జరుగుతోంది కాబట్టి. ఆదిత్య కరికాలుడి మరణం చుట్టూ కూడా ఇదే బరువు ఉంది. యువరాజు పోతాడు, అనుమానం దగ్గరివాళ్ల మీద ముసురుకుంటుంది, గద్దె పక్కదారి పడుతుంది. ఈ పోలిక ఎవరైనా ఒక్క మాటలో చెప్పి ఉంటే చెన్నైలోని తెలుగు పెద్దవాళ్లలో చాలామందికి రెండో భాగం మనసుకి తగిలేది.

మధ్యవయసు వాళ్ల ఇబ్బంది ఇంకోలా ఉంది. గత పదేళ్లలో తెలుగు భారీ సినిమా జానపదాన్నీ చారిత్రకాన్నీ ఒకే గదిలో పెట్టేసింది. 2015, 2017లలో రెండు భాగాలుగా వచ్చిన ‘బాహుబలి’ని చాలామంది చారిత్రక సినిమా అనేస్తారు. అది నిక్కమైన జానపదం. మాహిష్మతి పేరు పాతదే అయినా ఆ రాజ్యం, ఆ రాజులు కల్పితం, వాళ్ల గురించి ప్రేక్షకుడు ముందు తెలుసుకోవాల్సింది ఏమీ లేదు, తెలియాల్సిందంతా తెరే చెబుతుంది. జానపదంగా చూస్తే గొప్పగా కట్టిన సినిమా అది. దాని తర్వాత కిరీటం కనపడగానే తెలుగు ప్రేక్షకుడు ఎదురుచూసే వస్తువులు స్థిరపడిపోయాయి: హీరో ఎంట్రీ, ఎలివేషన్, ఇంటర్వెల్ బ్యాంగ్, చివర ఏనుగులతో కోటల మీద పెద్ద యుద్ధం. చోళుల సినిమాలో సగానికి పైగా గదుల్లో మాటలు, ఉత్తరాలు, చూపులు. ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురుగా నిలబడి నవ్వుతూ మాట్లాడుకుంటుంటే అదే యుద్ధమని పట్టుకోవాలి. “గూస్‌బంప్స్ రాలేదు” అన్న మాట తెలుగువాళ్ల నోట పదేపదే వినిపించడానికి కారణం ఇదే. ఆ మాటని తప్పుపట్టలేం, జానపదానికి పెట్టుకున్న కొలబద్దతో చారిత్రకాన్ని కొలిస్తే అలాగే వస్తుంది. తమిళనాడులో ఆ ఏడాది అతిపెద్ద విజయాల్లో ఒకటైన సినిమా, చిరంజీవి గొంతుతో కథ మొదలుపెట్టిన తెలుగు రూపంలో తెలుగు రాష్ట్రాల్లో ఆ స్థాయికి రాలేకపోవడంలో ఈ కొలబద్ద పాత్ర చాలా ఉంది.

ఇక హాలు సంగతి. ముందస్తు జ్ఞాపకం లేనివాళ్లకి థియేటర్ ఏమీ ఇవ్వదని కాదు. కొన్నిచోట్ల అంతా అదే ఇస్తుంది. మొదటి భాగం చివర సముద్రంలో తుపాను, మంటలంటుకున్న ఓడ, నీళ్లలో అరుళ్‌మొళి, వందియదేవుడు ఉన్నారు కదా, అక్కడ వంశవృక్షంతో పనిలేదు. అలల చప్పుడు సీటు కింద నుంచి వస్తుంటే పళువేట్టరయరు ఎవరో తెలియని మనిషి కూడా ఊపిరి బిగబట్టి చూస్తాడు. 70వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ఈ మొదటి భాగం ఉత్తమ తమిళ చిత్రం అవడంతో పాటు ఛాయాగ్రహణానికి, నేపథ్య సంగీతానికి, సౌండ్ డిజైన్‌కి కూడా పురస్కారాలు తెచ్చుకుంది. ఈ మూడూ ఫోన్‌లో చూస్తే సగానికి సగం పోయేవే. తోట తరణి వేసిన కోటలు, మేడలు కూడా అంతే. తెలుగు కుటుంబంలో పుట్టిన తరణి తండ్రి తోట వెంకటేశ్వరరావు కూడా కళా దర్శకుడే. చోళుల కొలువుకూటం కట్టింది మనవాడన్న సంగతి ఆ హాళ్లలో కూర్చున్న తెలుగువాళ్లలో ఎంతమందికి తట్టిందో మరి.

ఐమాక్స్‌లో విడుదలైన తొలి తమిళ సినిమా ఇది. చెన్నైలో ఐమాక్స్ తెర ఉన్నచోట్లలో ఒకటి వడపళనిలోని మాల్. విజయా వాహినీ స్టూడియోల ఆవరణలో ఇప్పుడు ఆస్పత్రి, హోటల్, ఆ మాల్ ఉన్నాయి. మద్రాసు తెలుగు సినిమా రాజులందరూ ఒకప్పుడు కిరీటాలు పెట్టుకున్న నేల అది. కానీ ఇలాంటి సినిమాకి తెర సైజు ఒక్కటే చూసుకోకూడదు. ముఖాల మీద నడిచే సన్నివేశాలు ఎక్కువ కాబట్టి ముందు వరసల్లో కూర్చుంటే కళ్లు తెర ఈ చివర నుంచి ఆ చివరకి పరుగెత్తాల్సి వస్తుంది, కింద పడే ఇంగ్లిష్ సబ్‌టైటిల్ చదివేలోపు పైన నందిని కళ్లలో మార్పు దాటిపోతుంది. ఓఎమ్మార్ తెలుగువాళ్లకి ఇది పెద్ద సమస్య. చెన్నైలో ఆటలు దాదాపు అన్నీ తమిళంలోనే ఉంటాయి, మల్టీప్లెక్సుల్లో సబ్‌టైటిల్ ఉంటుంది కాబట్టి వాళ్లు దాని మీదే ఆధారపడతారు. మధ్య నుంచి వెనక వరసలు, అన్నాశాలైలో 1970 నుంచి నడుస్తున్న దేవి లాంటి వెడల్పు తెర హాలైనా సరే, వాళ్లకి ఎక్కువ పనికొస్తాయి.

మొదటి రోజు ఆట ఇంకో చిక్కు. తెలుగు భారీ సినిమాకి ఈలలు, కాగితాలు, అరుపులు సినిమాలో భాగమే. అన్నాశాలై దగ్గర తెలుగు సినిమాలకి పేరుపడిన కేసినోలో మొదటి ఆట చూసినవాళ్లకి ఆ ఊపు ఎలా ఉంటుందో తెలుసు. పేర్ల మీద, చిన్న మాటల మీద నడిచే కథకి మాత్రం ఆ ఊపే శత్రువు. విక్రమ్ తెర మీదకి రాగానే లేచే అరుపుల్లో ఆదిత్య కరికాలుడు ఎవరికి ఉత్తరం పంపుతున్నాడన్నది మునిగిపోతుంది. నవల చదివినవాడికి నష్టం లేదు, ఆ ఉత్తరం సంగతి వాడికి ముందే తెలుసు. తెలియనివాళ్లు రెండో వారం మధ్యాహ్నం ఆటకి వెళ్లడమే మేలు. రెండో భాగం 2023 ఏప్రిల్ 28న వచ్చేలోపు మొదటి భాగం ఓటీటీలో దొరికింది. ఇంట్లో ఆపి ఆపి, పేర్లు రాసుకుని చూసి వెళ్లిన కుటుంబాలకి రెండోసారి హాలు ఇచ్చిన అనుభవమే వేరు. ఓటీటీ థియేటర్‌ని చంపేస్తుందన్న మాట ఇలాంటి సినిమాల దగ్గర నిలవదు.

జ్ఞాపకం బరువు కూడా అవుతుందని ఒప్పుకోవాలి. నవలని గుండెల్లో పెట్టుకున్న తమిళ పాఠకుల్లో కొందరికి సినిమా పూర్తిగా రుచించలేదు. మణిమేఖల పాత్ర లేదు, మధురాంతకుడి పుట్టుక చుట్టూ కల్కి పేనిన రహస్యాన్ని వదిలేశారు. ఆ నష్టం తెలియని తెలుగువాళ్లు ఆదిత్య కరికాలుడు, నంది‌ని చివరిసారి ఎదురుపడే ఘట్టాన్ని ఏ పోలికా లేకుండా, ఉన్నది ఉన్నట్టు చూశారు. విక్రమ్, ఐశ్వర్యారాయ్ ఇద్దరే ఉన్న ఆ గదిలో సినిమా తనంతట తాను నిలబడింది. పాత పరిచయం అవసరం లేని చారిత్రక సన్నివేశం ఎలా ఉండాలో దాన్ని చూసి నేర్చుకోవచ్చు.

తెర మీది కథకీ రాళ్ల మీది కథకీ ఎంత దూరమో కూడా తెలిసి ఉండటం మంచిది. నందిని కల్కి సృష్టి. వందియదేవుడు నిజమైన మనిషి, తంజావూరు పెద్ద గుడి శాసనాల్లో కుందవై భర్తగా అతని పేరు కనిపిస్తుంది, అంతకుమించి అతని గురించి తెలిసేది చాలా తక్కువ. ఆదిత్య కరికాలుడి హత్యకి గట్టి ఆధారం ఉడయార్‌గుడి శాసనం. అరుళ్‌మొళి రాజరాజుగా గద్దెనెక్కిన రెండో ఏట, అంటే 987 ప్రాంతంలో, కరికాలుణ్ని చంపిన ద్రోహులు సోమన్, రవిదాసన్, పరమేశ్వరన్‌ల బంధువుల ఆస్తులు స్వాధీనం చేసుకోమని అందులో ఉంది. హత్య జరిగి అప్పటికే పదిహేనేళ్లు దాటింది. వెనక ఎవరున్నారో శాసనం చెప్పదు. ఆ ఖాళీలోనే నవల పుట్టింది, సినిమా పుట్టింది.

చెన్నై తెలుగువాళ్లకి ఎవరూ చెప్పని సంగతి ఇంకోటుంది, ఈ సినిమా వాళ్లకి పరాయి కథ కాదనడానికి అదే పెద్ద సాక్ష్యం. కరికాలుడి హత్య జరిగిన కాలానికి అటూఇటూగా వేంగిలోనూ రక్తం పారింది. 973లో జటాచోడ భీముడు వేంగి చాళుక్యరాజు దానార్ణవుణ్ని చంపి రాజ్యం ఆక్రమించాడు. దానార్ణవుడి కొడుకులు శక్తివర్మ, విమలాదిత్యుడు పారిపోయి చోళుల నీడకి చేరారు. తెర మీద అరుళ్‌మొళిగా కనిపించిన ఆ యువకుడే రాజరాజ చోళుడై సైన్యాన్ని ఇచ్చి, ఇరవై ఏడేళ్ల తర్వాత శక్తివర్మని వేంగి గద్దె మీద కూర్చోబెట్టాడు. తన కూతురిని విమలాదిత్యుడికి ఇచ్చి పెళ్లి చేశాడు. ఆ అమ్మాయి పేరు కూడా కుందవై, మేనత్త పేరే. ఆమె కొడుకే రాజరాజ నరేంద్రుడు, తాత పేరు పెట్టుకున్నవాడు, రాజమహేంద్రవరంలో నన్నయ చేత భారతం తెలుగు చేయించినవాడు. సినిమాలో అన్నకి ఎదురుచెప్పలేక, అక్క మాట దాటలేక నలిగిన కుర్రవాడు నన్నయ రాజుకి తాతగారు. ఈ ఒక్క ముక్క తెలిసి హాల్లో కూర్చుంటే అరుళ్‌మొళి కనిపించిన ప్రతిసారీ తెలుగు ప్రేక్షకుడి గుండె వేరుగా కొట్టుకుంటుంది.

రాజరాజ నరేంద్రుణ్ని కూడా తెలుగు తెర ఎక్కువగా సారంగధరుడి తండ్రిగానే చూపించింది. ఆ కథ నాటకాల్లోంచి వచ్చిన కల్పన, దానికి శాసనం ఏదీ తోడులేదు. శాసనాలు చెప్పే కథ అంతకంటే గొప్పది. నరేంద్రుడి పాలన అంతా సవతి తమ్ముడు విజయాదిత్యుడితో గద్దె కోసం పోరుగా గడిచింది. రాజేంద్ర చోళుడి కూతురు అమ్మంగదేవిని పెళ్లాడి, మేనమామ వైపు సైన్యం సాయంతో నిలబడ్డాడు. 1061లో అతను పోయాక వేంగి తమ్ముడి చేతికి వెళ్లింది. కొడుకు రాజేంద్రుడు తల్లి పుట్టిల్లు పట్టి, 1070లో చోళ సింహాసనం ఖాళీ అయినప్పుడు కులోత్తుంగ చోళుడిగా దాని మీద కూర్చున్నాడు, దాదాపు యాభై ఏళ్లు ఏలాడు. గోదావరి ఒడ్డున నన్నయ ఉన్న కొలువులో పుట్టిన పిల్లాడు కావేరి రాజ్యానికి చక్రవర్తి అయ్యాడు. ఇందులో హత్య ఉంది, పరాయి పంచన పెరిగిన అన్నదమ్ములు ఉన్నారు, రెండు నదుల మధ్య పెళ్లిళ్లు ఉన్నాయి, గద్దె కోసం సవతి పోరు ఉంది, ఒక మహాకావ్యం పుట్టుక ఉంది. చెన్నైలో తీస్తే తమిళులకి చోళుల కథగా, తెలుగువాళ్లకి వేంగి కథగా, రెండు భాషల్లోనూ సొంత సినిమాగా నిలబడుతుంది. పదో తరగతి పుస్తకంలో కులోత్తుంగుడి పేరు చదివిన మనవడికీ, సారంగధర నాటకం చూసిన అమ్మమ్మకీ అందులో చెరో కొస దొరుకుతుంది.